వాన ఖాజా వదిలిన గడి

పామిడిలో ఉట్టి ఖాజా అంటే ఏ ఖాజా అని అడుగుతారు. సైకిలు షాపు ఖాజా ఒకడు, బట్టలు కుట్టే ఖాజా ఒకడు, ఏ పనీ చెయ్యని ఖాజాలు ఇద్దరు ముగ్గురు. వాన ఖాజా అంటే మాత్రం పాతవాళ్లు వెంటనే గుర్తుపడతారు. ఆయన వాన కురిపించేవాడేమీ కాదు. ఆ విద్యే వచ్చుంటే అనంతపురం గడ్డ మీద ఆయనకు గుడీ దర్గా రెండూ కట్టి ఉండేవాళ్లు. ఆయన పడిన వానను కొలిచేవాడు, అంతే.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఆఫీసు ఆవరణలో చిన్న కంచె, కంచె లోపల వాన డబ్బా. డబ్బాకు పైన గరాటు, లోపల సీసా. పొద్దున ఎనిమిదిన్నరకు ఖాజా కంచె తలుపు తీసి, సీసాలో నీళ్లను గీతలున్న గాజు గ్లాసులో పోసి, దాన్ని కంటికి సమంగా ఎత్తి చూసేవాడు. చూసిన అంకెను కాగితంలో ఆ రోజు గడిలో రాసి, తర్వాత గేటు పక్కనున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసేవాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ సీసా ఎండిపోయి ఉంటుందని పామిడిలో కోడిపిల్లకు కూడా తెలుసు. అయినా ఖాజా దాన్ని బయటకు తీసి, వంచి, వెలుతురుకు పెట్టి చూశాకే సున్నా చుట్టేవాడు. ఇంట్లో కూర్చొని చుట్టినా అదే సున్నా కదా అని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఖాజా నవ్వి ఊరుకునేవాడు.

ఆయన కొడుకు అతావుల్లాకు బాల్యం అంటే ముందుగా గుర్తొచ్చేది ఆ నల్లబోర్డే. బడికి పోయే ముందు నాయన పక్కన నిలబడి సుద్దముక్క అందించేవాడు. మబ్బు పట్టిన మర్నాడు బోర్డు ముందు సంతలా ఉండేది. పాలవాళ్లు, కూలికి పోయేవాళ్లు, విత్తనాల సంచి సైకిలుకు కట్టుకొచ్చిన రైతులు, అందరూ అక్కడే.

"ఖాజన్నా, ఎంత పడిందప్పా?"

"పద్దెనిమిది మిల్లీమీటర్లు."

"ఆ మిల్లీలు మాకెందుకప్పా! పదునైందా కాలేదా, విత్తనం ఏసేంత తడి ఉందా, అది చెప్పు."

"నీది ఎర్రనేల గదా, అయింది. పోయి మడక కట్టి దున్ను. రేగడి నేలోళ్లు ఇంగో వానకి ఉండండి."

ఇంత మాట చెప్పడం అటెండరు పని కాదు. ఆయనకిచ్చే జీతం అంకె రాసినందుకే. కానీ అంకె రాసి మూతి ముడుచుకొని కూర్చుంటే ఆ బోర్డు గోడకు కొట్టిన మేకుతో సమానమని ఖాజాకు తెలుసు.

ఆ కాలం పోయింది. ఖాజా పోయి చాలా ఏళ్లయింది. అతావుల్లా హైదరాబాదులో కొన్నాళ్లు, బెంగుళూరులో కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ పని చేసి, ఆ ట్రాఫిక్‌కు ఒక దండం పెట్టి, తల్లి రహమత్‌బీని వెంటపెట్టుకొని అనంతపురంలో కాపురం పెట్టాడు. చిన్ననాటి స్నేహితుడు, విత్తనాల అంగడి మల్లికార్జునయ్య కొడుకు వంశీకృష్ణ తోడయ్యాడు. ఇద్దరూ కలిసి 'పదును' అని ఒక యాప్ చేశారు. ఏ మండలంలో ఎంత వాన పడింది, గతంలో ఇలాంటి వాన తర్వాత ఎన్నాళ్లు ఎండగట్టింది, వేరుశనగ ఇప్పుడు వేయొచ్చా ఆగాలా, ఇదంతా తెలుగులో, నాలుగు ముక్కల్లో చెప్పాలని వాళ్ల ఆశ. మొదట్లో దాన్ని రైతులకంటే ఎక్కువగా వాడినవాళ్లు వజ్రకరూరులో వజ్రాలు ఏరడానికి పోయేవాళ్లు. వాన పడితే నేల కడిగినట్టయి రాయి మెరుస్తుందట. సరే, ఎవరి పంట వాళ్లది.

పాత వానల లెక్కలు లేకపోతే ఆ యాప్‌కు కాళ్లు లేవు. లెక్కలన్నీ సర్కారు దగ్గర ఉన్నాయి. పబ్లిక్ డేటా అని పేరు కూడా ఉంది. కానీ మన దగ్గర పబ్లిక్ డేటా అంటే పబ్లిక్‌కు తప్ప అందరికీ దొరికేదని అర్థం. పైవాళ్లు ఇమ్మన్నారు, కిందివాళ్లు ఇస్తామన్నారు, ఇచ్చింది మాత్రం కాగితాలకు తీసిన ఫోటోలు. అందులో ఏడు ఏదో, ఒకటి ఏదో తేలదు. ఒకే ఊరికి మూడు చోట్ల మూడు పేర్లు. ఒక నెల ఉన్న వెబ్‌సైటు ఇంకో నెల ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఇద్దరూ చెప్పులరిగేలా తిరిగారు.

అప్పుడు జిల్లా ఆఫీసుకు ఐశ్వర్య అనే అధికారి వచ్చింది. విడపనకల్లు పిల్ల. వీళ్లు పోగానే కుర్చీలు చూపించి, "ముందు మీకేం కావాలో చెప్పండి, దాన్నిబట్టి చేద్దాం" అంది. సర్కారు ఆఫీసులో ఆ మాట విని, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వంశీకృష్ణ తిరిగి చూశాడు.

ఆమె మాట చెప్పి మరిచిపోయే రకం కాదు. లెక్కలన్నీ ప్రోగ్రాము నేరుగా చదువుకునేలా వరసలుగా పెట్టించింది. ఏ గడికి ఏమర్థమో తెలుగులో రాయించింది. పేర్లు మారినా జిల్లాలు చీలినా తికమక పడకుండా ప్రతి వాన డబ్బాకు ఒక నంబరు ఇచ్చింది. ఏదైనా మార్చేముందు వాడుకునేవాళ్లకు చెప్పి మార్చింది. నెలలో మొదటి శనివారం సాఫ్ట్‌వేర్ వాళ్లెవరైనా వచ్చి తిట్టొచ్చని, టీ కూడా ఇస్తామని ఆఫీసు తలుపు మీద దాదాపు అదే అర్థం వచ్చేలా కాగితం అంటించింది. తన ఫోన్ నంబరు ఇచ్చింది. చేస్తే ఎత్తేది కూడా!

మే నెలలో పామిడి లెక్కలు వచ్చాయి. అతావుల్లా ఫైలు తెరిచి యాప్ సంగతి పక్కన పెట్టాడు. ఆయన వెతికింది ఒక్క రోజును.

తను రెండో తరగతి చదివే ఏడు, గాంధీ జయంతి మరుసటి పొద్దు. బడిలో పంచిన బొరుగులు ఇంకా జేబులో ఉన్నాయి. రాత్రంతా వాన. తెల్లవారక ముందే వీధిలో కేక లేచింది, పెన్న వచ్చిందని. పామిడి పక్కన పెన్న ఉందంటే ఇసుక ఉందని అర్థం. ఆ ఇసుకలో పిల్లలు బంతాట ఆడేవాళ్లు, పెద్దలు చెలమలు తవ్వేవాళ్లు. అలాంటి ఏరు వచ్చిందంటే ఊరు ఊరంతా కదిలింది. నాయన తనను భుజాల మీద ఎక్కించుకొని, ఇద్దరి మీదా ఒక గోనెసంచి కప్పి పరుగెత్తాడు. గట్టు మీద ఆడవాళ్లు పసుపు కుంకుమ వేస్తున్నారు, అత్తర్ల సాయిబు పూలు వేస్తున్నాడు, ముసలి వీరప్ప నీళ్లకు దండం పెట్టి ఏడుస్తున్నాడు. నాయన తనను దించి, రెండు చేతులూ గట్టిగా పట్టుకొని, పాదాలు నీళ్లలో ముంచాడు. చలికి తను అరిస్తే తల వెనక్కి వంచి నవ్వాడు. ఇంట్లో, ఆఫీసులో, పండగలో కూడా నాయన అలా నవ్వడం అతావుల్లా చూడలేదు. తండ్రి ముఖం తలుచుకోవాలంటే ఆయనకు ఇప్పటికీ ఆ నవ్వే వస్తుంది.

ఫైల్లో ఆ రోజు దొరికింది. పామిడి. వాన: సున్నా.

చుట్టుపక్కల డబ్బాలన్నీ చూశాడు. అన్నిట్లోనూ కుండపోత. నడుమ పామిడి ఒక్కటే ఎండిపోయి ఉంది.

"చూడన్నా ఈ పామిడోన్ని!" వంశీకృష్ణ కూడా అదే వరస దగ్గర ఆగాడు. "చుట్టూ ఊళ్లన్నీ మునిగిపోతాంటే సున్నా కొట్టినాడు. డబ్బా కాడికి పోకుండా ఇంట్లో పండుకొని రాసింటాడు."

"రాసినాయన మా నాయన."

ఆ ఏడు పామిడిలో కొలిచింది ఎవరో అప్పుడు గుర్తొచ్చి వంశీకృష్ణ నాలుక కరుచుకున్నాడు. కానీ వంశీకృష్ణ అంగడివాడి కొడుకు. తూకం తప్పైతే తమ్ముడి దగ్గరైనా చెప్పేస్తాడు.

"అన్నా, మీ నాయనంటే నాకూ గౌరవమే. కానీ ఇంత పెద్ద వాన పొద్దే సున్నా రాసినాయన, తక్కిన పొద్దుల్లో ఏం రాసినాడో ఎట్ల నమ్మేది? రైతులు మన మాట విని చెనిక్కాయలు భూమిలో ఏస్తారు. ఆయన కొలిచిన ఏండ్లన్నీ తీసేద్దాం. పక్క ఊళ్లవి పెట్టుకుందాం."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే అది అంతగా గుచ్చుకుంది. నాయన ఉద్యోగమంతా, ఎండిన సీసాను వెలుతురుకు పెట్టి చూసిన ఆ పొద్దులన్నీ ఒక్క మీట నొక్కితే పోతాయి. నాయన దొంగ లెక్క రాశాడా? లేక ఏరూ నవ్వూ తను కల గన్నాడా? రెండింట్లో ఏది నిజమైనా అతావుల్లాకు నష్టమే.

"జూన్ దాకా ఆగప్పా" అన్నాడు.

జూన్ మొదటి శనివారం ఐశ్వర్య దగ్గరికి పోయి, కొలిచింది తన తండ్రని చెప్పకుండా, ఆ వరస చూపించాడు. ఆమె చూసిన వెంటనే తల పట్టుకుంది.

"ఈ సున్నాలన్నీ సున్నాలు కావన్నా. పాత కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, ఆ ప్రోగ్రాము ఖాళీ గడి ఉంటే ముందుకు పోనిచ్చేది కాదు. ఎక్కించేవాళ్లు ఏం జేసినారు, ఖాళీ అంటే ఏమీ లేదని గదా అని సున్నా కొట్టి పోయినారు. కొలవని రోజు గూడా వాన లేని రోజైపోయింది."

"ఇన్నేండ్లు ఎవరూ చూడలేదా?"

"కోస్తాలో అయితే అక్టోబరులో సున్నా కనపడితే ఇదేందని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. మన కాడ సున్నాని ఎవరడుగుతారన్నా? అది మన ఇంటి మనిషి!"

ఆమె నవ్వింది. అతావుల్లాకు నవ్వు రాలేదు.

"అయితే ఇది ఖాళీనా, నిజంగా రాసిన సున్నానా?"

"నాకు తెలీదు. పామిడి కాగితాలు ఆ ఏండ్లవి చెదలు తినేసినాయి. ఆ పొద్దు ఏం జరిగిందో తెలిసినోళ్లు ఎవరన్నా చెప్తే, వాళ్ల పేరుతో రాసుకొని దిద్దుతాం. నేను ఊహించి మాత్రం మార్చను. ఇంగొకరు అదే నమ్మి ప్రోగ్రాము రాసుకుంటారు గదా."

తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. అయినా రెండు రోజులు అతావుల్లా నోరు తెరవలేదు. అమ్మ 'రాసినాడు' అంటే? అంత వాన పొద్దు కొడుకుతో ఏటికి పోయి, ఇంటికొచ్చి తీరిగ్గా సున్నా చుట్టి ఉంటే? అప్పుడు ఆ నవ్వును కూడా తను మునుపటిలా తలుచుకోలేడు. తెలియకుండా ఉంటేనే మేలేమో అని కూడా అనిపించింది. అంత పిరికితనం తనలో ఉందని ఆయనకు అంతవరకూ తెలీదు.

మూడో రోజు మధ్యాహ్నం రహమత్‌బీ చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చొని అడిగాడు.

"అమ్మా, నేను సిన్నప్పుడు పెన్న వచ్చింది గదా. ఆ పొద్దు నాయన వాన ఎంతని రాసినాడు?"

రహమత్‌బీ చెయ్యి ఆగింది. "ఆ పొద్దా! ఆ పొద్దు మీ నాయన డబ్బా కాడికే పోలేదు."

"పోలేదా?"

"యాడ పోయినాడు? 'వాన కొలిచి పోవయ్యా, ఏరు యాడికీ పోదు' అని నేను గొంతు చించుకుంటాంటే నిన్ను ఎత్తుకొని పాయె. 'వాన మళ్లా వస్తాది, వీడు ఏరు చూసేది మళ్లా ఎప్పుడో' అన్యాడు. ఎంత జొరమున్యా పోయే మనిషి, ఆ పొద్దు మాత్రం ఎగ్గొట్టినాడు. మీరు ఇంటికొచ్చేతలికి ఎండ నడినెత్తికొచ్చె. పోయి చూస్తే సీసా నిండి, డబ్బా నిండి, పొర్లి నేలపాలైపోయినాది."

"అయితే ఏం రాసినాడు?"

"ఏమీ రాయలేదు. ఎంత పొర్లిందో తెలీదు గదా. గడి ఖాళీగా వదిలిపెట్టినాడు. పైనున్న సారు పిలిచి, పక్కూరోళ్లది చూసి ఏదో ఒకటి వెయ్యి ఖాజా, ఎవడు అడుగుతాడు అన్యాడంట. 'నేను చూడని వాన ఎట్ల రాసేది సార్' అని వచ్చేసినాడు. మెమో ఇచ్చినారు. నేనైతే పది దినాలు మాట్లాడలేదు. ఒక అంకె రాస్తే నీ చెయ్యి అరిగిపోతాదా అని తిట్టినా."

అతావుల్లా తల వంచుకున్నాడు. ఆ పొద్దు నాయనకు సెలవని ఆయన ఇన్నేళ్లూ అనుకుంటున్నాడు. సెలవు లేదు. నాయన తన పేరూ, తన పనీ, ఎన్నడూ తప్పని తన ఎనిమిదిన్నరా పక్కన పెట్టి కొడుకు పాదాలు ఏటిలో ముంచాడు. ఆ తర్వాత ఒక అబద్ధం అంకెతో దాన్ని కప్పిపెట్టుకోనూ లేదు. నాయన బతికున్నంత కాలం పెన్న ఆ మాదిరిగా మళ్లీ రాలేదు కూడా. కళ్లనీళ్లు ధారగా కారిపోయాయి, తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"ఏమిరా, ఏమైంది?" రహమత్‌బీ కంగారు పడింది. విషయం విన్నాక ఆమె కంగారు కోపమైంది. "మీ నాయన రాసినాడంటారా దొంగ సున్నా? ఆ పాప ఆఫీసు యాడ? నన్ను తోల్కపో. నేనే చెప్తా."

పోయింది. వంశీకృష్ణ కూడా వెంట వచ్చాడు. ఐశ్వర్య ఆమెను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి, మొదటినుంచి చివరిదాకా విని, చెప్పినవారు రహమత్‌బీ, కొలిచే మనిషి భార్య అని రాసుకుంది. తర్వాత స్క్రీన్ మీద ఆ సున్నాను వేలితో చూపించి చెరిపేసింది. చుట్టుపక్కల వానలనుబట్టి ఒక అంచనా కావాలంటే వేరే గడిలో, అంచనా అని పేరు పెట్టి ఇస్తానంది. కొలత గడి మాత్రం ఖాళీ.

"మన ప్రోగ్రాముకి ఇబ్బందా?" అని అతావుల్లా వంశీకృష్ణను అడిగాడు.

"ఖాళీ అయితే దాటుకొని పోతాదన్నా. సున్నాతోనే తంటా" అన్నాడు వంశీకృష్ణ. "మీ నాయన లెక్కలన్నీ ఉంచుదాం. చూడని పొద్దు రాయలేదంటే, రాసిన పొద్దులన్నీ చూసినట్టే గదా."

అదేరోజు ఐశ్వర్య ఆ ఫైలుకు కొత్తగా ఒక గడి చేర్చింది, ఇలా ఖాళీలున్న చోటల్లా ఎందుకు కొలవలేదో వాడుకునేవాళ్లకు తెలిసేలా. డబ్బా చెడిపోయింది, మనిషికి బాగాలేదు, తెలియదు, ఇలాంటివి ఎంచుకోవడానికి పెట్టింది.

"దీనికి ఏం పెట్టేది? మనిషి రాలేదని పెట్టాల్నా?"

అతావుల్లా నోరు తెరిచేలోపే రహమత్‌బీ అందుకుంది. "ఎందుకు రాలేదమ్మా? ఊరికే రాలేదని రాస్తే సోమరోడు అనుకోరా? కొడుకుకు పెన్న చూపించేదానికి పోయినాడని రాయి."

సర్కారు ఫైల్లో అలాంటి మాట ఎవరూ రాసి ఉండరు. అయినా ఐశ్వర్య తను పెట్టిన కారణాలన్నీ వదిలేసి, పక్కన ఆ మాటే టైపు చేసి, పైకి చదివింది.

"పామిడి. వాన కొలత, ఖాళీ. కారణం, కొలిచే మనిషి కొడుకుకు పెన్న చూపించడానికి పోయినాడు."

రహమత్‌బీ ఇంకోసారి చదివించుకుంది. కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది.

"సరిగ్గా ఉండాది. మీ నాయన గూడా ఇదే రాసుండునురా. ఆ గడిలో చోటు చాలలేదు, అంతే."